యంత్రశిల్పి జి. డి. నాయుడు

తమిళనాటి పడమటి భాగమున కోయంబత్తూరు అను గొప్ప పారిశ్రామిక నగరము కలదు. ఆ నగరమునకు సమీపమున, సూలూరు ప్రాంతమున, కలంగల్ అను చిన్న పల్లెయున్నది. అచట గోపాలస్వామి నాయుడను రైతు ఇంట 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన ఒక మగశిశువు జన్మించెను. అతనికి దొరస్వామి అని పేరిడిరి. చుట్టును తమిళము మాటలాడు ప్రజలే యున్నను ఆ యింటి భాష తెలుగు. విజయనగర ప్రభువుల కాలమునను, ఆ తరువాతను పెక్కు తెలుగు కుటుంబములు దక్షిణమునకు వలసపోయి కొంగునాట స్థిరపడి, నల్లరేగడి నేలలను సాగుచేసికొనుచు బ్రదికినవి. ఇచ్చట చెప్పిన విజయనగరము మన గజపతుల విజయనగరము కాదు; తుంగభద్రా తీరమునందలి హంపీ విజయనగరము. మన జిల్లా బాలురు ఈ రెండింటిని కలిపివేయుట కలదు గనుక చెప్పవలసి వచ్చినది.

దొరస్వామికి ఊహ తెలియకముందే తల్లి గతించెను. బాలుడు మిక్కిలి అల్లరివాడు. పాఠశాలకు పోవుట అతనికి గిట్టెడిది కాదు. ఉపాధ్యాయులపై ఇసుక చల్లి పారిపోయెనని ఆయన చరిత్రను వ్రాసినవారందరును చెప్పుదురు. ఇది మెచ్చదగిన పని కాదు. కాని జరిగినదానిని దాచుటయు తగదు. చదువు ప్రారంభదశయందే ఆగిపోయెను. తండ్రి అతనిని పొలమునకు పంపెను. పొలము పనిచేయుచునే ఆ బాలుడు దొరికిన తమిళ గ్రంథములను తనంతట తాను చదువుకొనసాగెను.

ఒకనాడు ఆ పల్లెబాటపై ఒక వింత కనిపించెను. ఆంగ్లేయుడగు ఒక అధికారి రెండు చక్రముల బండిపై కూర్చుండి వచ్చుచుండెను. దానిని లాగు ఎద్దులేదు, గుఱ్ఱము లేదు. త్రొక్కవలసిన పని లేదు. టపటపమని చప్పుడు చేయుచు, పొగ విడుచుచు అది తనంతట తాను పరుగెత్తుచుండెను. అది ఇంగ్లండు దేశమునందు రడ్జ్ అను కంపెనీవారు చేసిన మోటారు సైకిలు. ఊరివారు దానిని చూచి ఆశ్చర్యపడి, కొంతసేపు చెప్పుకొని మఱచిరి. దొరస్వామి మాత్రము మఱువలేదు. ఆ బండి యెట్లు నడచుచున్నది? దాని కడుపులో ఏమున్నది? ఈ ప్రశ్నలు అతనిని నిదురపోనీయలేదు.

అట్టి బండిని కొనవలెనన్న మూడు నాలుగు వందల రూపాయలు కావలెను. ఆ దినములలో అది సామాన్య రైతు కుటుంబమునకు కన్నెత్తి చూడరాని మొత్తము. దొరస్వామి ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరెను. ఒక భోజనశాలలో వడ్డనపనికి కుదిరి, ఒకటి కాదు రెండు కాదు, సుమారు మూడేండ్లు పనిచేసి పైకము కూడబెట్టెను. చిట్టచివరకు తాను కోరిన మోటారు సైకిలునే కొనెను. దానిని ఎక్కి ఊరేగుననియే ఎవరైనను తలంతురు. అతడు చేసినది వేరు. బండిని ఒకచోట నిలిపి, మరలు ఒక్కొక్కటే విప్పి, యంత్రమును ముక్కలు ముక్కలుగా నేలపై పరచెను. తరువాత ఏ ముక్క ఎచ్చటిదో గుర్తించి మరల బిగించెను. ఇదియే ఆయన మొదటి పాఠశాల.

ఆ యంత్రమునందు అతడు చూచినదేమి? నాటి రడ్జ్ బండికి సిలిండరు ఒక్కటే. సిలిండరనగా లోపల నున్నగా తొలిచిన ఇనుపగొట్టము. దాని అడ్డుకొలత 85 మిల్లీమీటర్లు. ఆ గొట్టములో పిస్టను అను బోలుగానున్న లోహపు దిమ్మ పైకిని క్రిందికిని ఆడుచుండును. పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి సిలిండరులో చేరి, నిప్పురవ్వ తగులగానే భగ్గున మండి పిస్టనును క్రిందికి త్రోయును. ఆ త్రోపును కనెక్టింగు రాడ్డు అను కడ్డీ క్రాంకు షాఫ్టునకు అందించి త్రిప్పుటగా మార్చును. యంత్రము నిమిషమునకు 2000 సారులు తిరిగినచో పిస్టను ఆ నిమిషములోనే 4000 సారులు సిలిండరును ఈ కొననుండి ఆ కొనకు దాటవలెను.

ఇంత వేగముగా ఆడు వస్తువునకును దానిని చుట్టియున్న గోడకును మధ్య ఎంత ఎడమున్నది? పలుచని కాగితపు మందముపాటి మాత్రమే. అంతకు తక్కువయైనచో వేడికి పిస్టను ఉబ్బి గోడను కఱచుకొని యంత్రము ఒక్కసారిగా బిగిసిపోవును. ఎక్కువయైనచో మండిన వాయువు ప్రక్కలనుండి క్రిందికి జారిపోయి బలము నశించును. క్రిందినూనె పైకెక్కి మండి నీలిపొగ వచ్చును. పిస్టను గోడకు కొట్టుకొని చప్పుడు చేయును. ఆ సందును మూయుటకే పిస్టను చుట్టును గాడులు తొలిచి వానిలో రింగులు అమర్చుదురు. వడ్డనచేసి కూడబెట్టిన సొమ్ముతో కొన్న బండిని మొదటిసారి విప్పినవాడు, ఒక్క రింగు విఱిగినను దానికి బదులు తెచ్చుకొనుటకు ఇంగ్లండువంక చూడవలసినవాడు, ఎంత మెలకువతో చేయి పెట్టి యుండవలెనో ఊహింపుడు.

కొంతకాలమునకు దొరస్వామి నాయుడు యంత్రముల మరమ్మతు తెలిసినవాడని ఆ ప్రాంతమున పేరు వచ్చెను. నడుమ ఆయన ప్రత్తి వ్యాపారమున దిగి, మొదటి ప్రపంచ సంగ్రామ కాలమున బాగుగా ఆర్జించి, పిమ్మట బొంబాయి విపణిలో దానినంతయు పోగొట్టుకొనెను. ఈ కథను పొడిగింపనక్కరలేదు. వట్టి చేతులతో తిరిగివచ్చిన ఆయనకు కోయంబత్తూరునందు రాబర్టు స్టేన్సు అను ఆంగ్లేయ వర్తకుడు తన మోటారు సంస్థలో పని యిచ్చెను. నాయుడుగారి నేర్పును గుర్తించినవాడు స్టేన్సు దొరయే. ఒకరి క్రింద పనిచేయుటకంటె సొంతముగా బండి నడుపుకొనుట మేలని ప్రోత్సహించి, బస్సు కొనుటకు అప్పుగా ధనసహాయము గూడ చేసెను.

అట్లు 1920వ సంవత్సరమున నాయుడుగారు ఒక బస్సునకు యజమానియైరి. పొల్లాచి నుండి పళని వరకు ప్రయాణికులను ఎక్కించుకొని స్వయముగా తామే నడిపిరి. ఒక బస్సు రెండయ్యెను, రెండు పదియయ్యెను. యు. ఎం. ఎస్. అను మూడక్షరముల పేరుతో ఆ సంస్థ దక్షిణ దేశమంతట ప్రసిద్ధికెక్కెను. 1930 తరువాత కొలది యేండ్లకే దాని బస్సులు రెండు వందలకు మించెను. వేళకు బయలుదేరుట, వేళకు చేరుట అనునవి ఆ బస్సులకు సహజగుణములని ప్రజలు చెప్పుకొనెడివారు.

వేళకు బయలుదేరుట యనునది గడియారమువలన జరుగు పని యని మనము తలంతుము. నిజమునకు అది మరమ్మతుశాలయందు జరుగు పని. శ్రీకాకుళమునను విజయనగరమునను పెద్ద రహదారి ప్రక్కనున్న మోటారు షెడ్లను మీరు చూచియే యుందురు. నూనె మరకల గోనెపట్టాపై విప్పిన యంత్రపు భాగములు వరుసగా పేర్చబడి యుండును. ఒక కుఱ్ఱవాడు కిరసనాయిలులో బ్రష్షు ముంచి వానిని కడుగుచుండును. మేస్త్రీ ఒక పిస్టనును చేతబట్టుకొని వెలుతురుకు త్రిప్పి చూచుచుండును. అతడేమి చూచుచున్నాడో తెలిసినచో నాయుడుగారి సమస్య యెట్టిదో తెలియును.

చాలకాలము నడిచిన యంత్రమున సిలిండరు గుండ్రముగా నిలువదు. పిస్టను ప్రక్కవాటుగా ఒత్తిన దిక్కున గోడ అరిగి కోలగా మారును. క్రింది భాగమునకంటె పైభాగమున అరుగుదల హెచ్చు. నాలుగు సిలిండర్లున్నచో నాలుగును ఒకే తీరున అరుగవు. కాబట్టి ఒక్కొక్క దానిని పలుచోట్ల కొలిచి, అన్నిటికంటె ఎక్కువ అరిగిన దానిని ప్రమాణముగా గైకొని, నాలుగింటిని మరల ఒకే కొలతకు తొలువవలెను. మెకానిక్కులు దీనిని బోరు చేయుట అందురు. బోరు పెద్దదైన తరువాత పాత పిస్టనులు పనికిరావు. అంగుళములో వేయింట పదివంతులు, ఇరువది, ముప్పది, నలువది వంతులు పెద్దవిగా చేసిన ఓవర్‌సైజు పిస్టనులు తేవలెను.

కొలత కుదిరినంత మాత్రమున పని ముగియదు. పిస్టనును కడ్డీతో కలుపు గడ్జను పిన్ను మందము సరిపడవలెను. ఆ పిన్నునుండి పిస్టను తలవరకు గల ఎత్తు సరిపడవలెను. ఎత్తు హెచ్చైనచో పిస్టను పైమూతకో కవాటమునకో తగిలి పగులును, తగ్గినచో బలము సన్నగిల్లును. నాలుగు పిస్టనుల బరువు ఒక్కటి కావలెను. నాలుగెద్దుల బండిలో ఒక యెద్దు వేరు నడక నడచినచో ఏమగునో, ఒక పిస్టను కొన్ని గ్రాములు బరువైనచో యంత్రమునకు అదియే యగును. బండి యంతయు వణకును. లోహము కూడ చూడవలసినదే. పాత యంత్రములలో పోత యినుప పిస్టనులుండెడివి. తరువాత తేలికయగు అల్యూమినియము వచ్చెను. అల్యూమినియము వేడికి ఇనుముకంటె సుమారు రెట్టింపు వ్యాకోచించును. ఇనుప పిస్టనునకు విడిచిన సందునే అల్యూమినియము పిస్టనునకు విడిచినవాడు ఆ యంత్రము నడిబాటలో బిగిసిపోవుటను చూచును.

ఇన్ని విధముల జత కుదిరిన పిస్టను ఆనాడు మన దేశమున ఏ అంగడిలో దొరకును? బస్సుల యంత్రములు ఫోర్డు, షెవర్లే మున్నగు విదేశపు సంస్థలవి. వాని విడిభాగములు అమెరికానుండియో ఇంగ్లండునుండియో ఓడలో రావలెను. ఓడ మద్రాసు రేవునకో బొంబాయి రేవునకో చేరుటకు వారములు పట్టును. పెట్టె విప్పి చూచినప్పుడు కొలత తప్పినచో మరల జాబు వ్రాసి మరల ఎదురుచూడవలెను. అంతవరకు బస్సు షెడ్డులో నుండును, డ్రైవరునకు పనియుండదు, పళని కొండకు పోవలసిన భక్తులు మూటలతో రోడ్డుప్రక్కన నిలిచియుందురు. రెండు వందల బస్సులు గల యజమానికి ఇది ఏదో ఒకనాటి బాధ కాదు. పిడికిట ఇముడు లోహపు ముక్క కొరకు ఒక దేశము మఱియొక దేశపు ఓడకై ఎదురుచూచుట ఏమని నాయుడుగారు ఆలోచింపక పోయిరనుట అసాధ్యము. ఆయన తరువాతి జీవితమంతయు ఈ ఆలోచన చుట్టునే తిరిగినట్లు నాకు తోచును.

1930 తరువాత ఆయన ఐరోపా ఖండమును, అమెరికాను పలుమారులు సందర్శించిరి. ఇతరులు రాజభవనములను చూచుటకు పోయిన చోట ఆయన కర్మాగారములను చూచుటకు పోయిరి. కెమెరాయన్న ఆయనకు మక్కువ మెండు. 1936లో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయముగా చలనచిత్రము తీసిరి. జర్మనీలో చేయించిన రాసంట్ అను చిన్న విద్యుత్ క్షౌరయంత్రము ఆయన కల్పనయే. మిక్కిలి పలుచని క్షౌరపు బ్లేడు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా మొదలైనవి ఆయన బుద్ధిలో పుట్టినవే. భారతదేశపు ఎడిసన్ అని జనులు ఆయనకు పేరిడుటకు ఇవియే కారణము.

అయినను వీనియన్నిటికంటె గొప్పపని 1937లో జరిగినది. కోయంబత్తూరు ప్రక్కనున్న పీలమేడులో ఆయన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అను కర్మాగారమును నెలకొల్పిరి. యంత్రవిద్యలో ఆరితేరిన డి. బాలసుందరం నాయుడుగారు అందులో ఆయనకు సహచరులు. అచటనే మన దేశమున తయారైన తొలి విద్యుత్ మోటారు వెలువడెను. ప్రాజెక్టుల నీరు లేని కొంగునాట రైతులు లోతైన నూతులనుండి నీరు తోడుకొని బ్రదుకువారు. మోటారు వచ్చిన తరువాత కపిలె త్రాడు ప్రక్కకు జరిగినది. నేడు కోయంబత్తూరు పంపులు మన వంశధార, నాగావళి ఒడ్డుల పొలములలో గూడ వినబడుచున్నవన్నచో ఆ త్రోవను తెఱచినవారిలో నాయుడుగారు ఒకరు. మోటారు వాహనములకు కావలసిన రేడియేటర్లను, రేడియోలను చేయు పరిశ్రమలు గూడ ఆయన నడిపిరి. 1941లో ఐదు వాల్వుల రేడియోను డెబ్బది రూపాయలకు అమ్మజూపినప్పుడు నమ్మినవారు తక్కువ.

ఆ సమయమునకే రెండవ ప్రపంచ సంగ్రామము ముదిరియుండెను. 1941లో పెట్రోలునకు రేషను పెట్టిరి. బస్సుల వెనుక పెద్ద పొయ్యి తగిలించి, బొగ్గులు కాల్చి, ఆ వాయువుతో బండ్లు నడిపిరి. ఓడలు సైన్యమునకు సరకులు మోయుటకే చాలకుండెను. ఇక విడిభాగముల నెవరు మోయుదురు? పాత పిస్టనుకే క్రొత్త రింగులు తొడిగి, అరిగిన సిలిండరులో క్రొత్త గొట్టము దిగగొట్టి, ఎట్లో బండి నడుపుట ఆనాటి మరమ్మతుశాలల నిత్యకృత్యము. మన దేశమున పిస్టనులు చేయు పెద్ద కర్మాగారము మద్రాసు చెంత సెంబియములో 1949 నాటికి గాని రాలేదు.

1944లో నాయుడుగారు మోటారు వ్యాపారమునుండి విరమించి, శాస్త్రపరిశోధనకును విద్యార్థి వేతనములకును విరాళములు ప్రకటించిరి. మరుసటి సంవత్సరము కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేర ఒక పాలిటెక్నిక్కును, ఒక ఇంజనీరింగు కళాశాలయు ఆయన దానముతో వెలసినవి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. బడి విడిచి పారిపోయిన బాలుడు ఇప్పుడు కళాశాలకు ప్రిన్సిపాలు! ఇంజనీరింగు చదువునకు నాలుగేండ్లు అక్కరలేదనియు, చేతిపనితో కలిపి బోధించినచో అంతకంటె చాల తక్కువ కాలమున నేర్పవచ్చుననియు ఆయన వాదించిరి. ప్రభుత్వము అంగీకరింపలేదు. ఆయన ఆ పదవిని విడిచి వెడలిపోయిరి. ఆయన చెప్పినదంతయు ఒప్పనుటకు వీలులేదు. వంతెన కట్టువానికి లెక్కలు కావలెను. లెక్కలకు కాలము కావలెను. కాని ఒక్క మరయైనను చేత విప్పక పట్టము పుచ్చుకొను ఇంజనీరును చూచి ఆయన పడిన వేదన మాత్రము నిజమైనది. ఆ కళాశాల నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కోయంబత్తూరులో నడచుచున్నది.

1952లో ఆయన ఇద్దరు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును తయారుచేసిరి. వెల రెండు వేల రూపాయలు మాత్రమే. విదేశపు కారులకు విడిభాగములు వెదకి వేసారిన చేతులే ఆ కారును కట్టినవి. కాని దానిని పెక్కుసంఖ్యలో చేయుటకు ప్రభుత్వపు లైసెన్సు కావలెను. ఆ లైసెన్సు రాలేదు. ఆ దినములలో ఏ పరిశ్రమ ఎవరు పెట్టవలెనో, ఎంత సరకు చేయవలెనో ప్రభుత్వమే నిర్ణయించెడిది. ఇనుము, విదేశ ద్రవ్యము కొఱతగానుండుటచే అట్టి కట్టుబాట్లు అవసరమని పాలకులు తలచిరి. కారణమేదైనను, రెండు వేల రూపాయల కారు బజారు మొగము చూడకయే నిలిచిపోయెను. నాయుడుగారికి జీవితమున తగిలిన దెబ్బలలో ఇది పెద్దది.

ఆయన ఊరకుండు స్వభావము గలవారు కారు. ప్రత్తి, బొప్పాయి మొదలగు పైరులపై ప్రయోగములు చేసిరి. తాము సేకరించిన యంత్రములను, పరికరములను ప్రజలు, ముఖ్యముగా బాలురు, చూచి తెలిసికొనుటకు 1967లో కోయంబత్తూరున ఒక పారిశ్రామిక ప్రదర్శనశాలను ఏర్పాటుచేసిరి. 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన ఆయన పరమపదించిరి.

ఆయన పేర నడచు ధర్మసంస్థవారు 2015లో కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై ఒక కార్ల ప్రదర్శనశాలను తెఱచిరి. పలుదేశముల పాతకార్లు అందు బారులు తీరి యున్నవి. పాతకారును మరల నడిపింపబూనిన వారికి నేటికిని అదే కష్టము. ఆ కారును చేసిన సంస్థ మూతపడి యుండవచ్చును; దాని పిస్టనును చేసిన అచ్చు ఏనాడో కరిగిపోయి యుండవచ్చును. అప్పుడు పాత పిస్టనును కొలకఱ్ఱతో కాక మైక్రోమీటరుతో కొలిచి, పిన్ను మందము, తల యెత్తు, బరువు వ్రాసికొని, వేఱొక యంత్రపు పిస్టనులలో దగ్గఱి జత వెదకుదురు. అదియు దొరకనిచో క్రొత్తగా అచ్చుకట్టి పోతపోయించి, కడచలు పట్టించుకొందురు.

ఆ ప్రదర్శనశాలలో 1886 నాటి బెంజి మూడు చక్రముల బండికి ప్రతిరూపమొకటి యున్నది. ప్రపంచమున మోటారు కారులకు అదియే మూలపురుషుడని చెప్పుదురు. పల్లెబాటపై దొరస్వామి చూచిన రడ్జ్ బండికి వలెనే దానికిని సిలిండరు ఒక్కటే, పిస్టను ఒక్కటే.